దయ్యానికి ఒక నియమం పెట్టండి: విజయవాడ, గుంటూరు గేమ్ డెవలపర్లకు బహిరంగ లేఖ

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

ఈమధ్య విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుకు వచ్చి, మీలో కొందరు తయారుచేసిన గేములు ఆడాను. స్టాళ్ళలో పెట్టినవాటిలో సగానికి పైగా దయ్యాల గేములే. దాదాపు అన్నీ ఒకే చోట మొదలయ్యాయి: పొగమంచు, పైన్ చెట్లు, పాడుబడ్డ ఆసుపత్రి, నేల మీద చెల్లాచెదురుగా ఇంగ్లీషు డైరీ కాగితాలు, వరండా చివర జుట్టు విరబోసుకున్న తెల్లచీర. హీరో పేరు జాన్, లేకపోతే డేనియల్. హాలు బయట మాత్రం ఎండకు తారు మెత్తబడిపోతోంది.

మీ పనితనం గురించి ముందే చెప్పాలి. ప్లేస్‌మెంట్ల టెన్షన్ ఒకపక్క, బ్యాక్‌లాగులు ఒకపక్క పెట్టుకుని, ఫ్యాను హోరెత్తిపోయే లాప్‌టాప్‌ల మీద మీరు పెట్టిన లైటింగు, తలుపు కిర్రుమన్నప్పుడు గోడ మీద నీడ కదిలిన తీరు చూస్తే ఒళ్ళు జలదరించింది. ఇంత శ్రమపడ్డవాళ్ళు కథ దగ్గరికి వచ్చేసరికి చేతికందింది తీసి పెట్టేశారు. నా బాధంతా అదే. నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. బ్రాడీపేట నెట్ సెంటర్ల కాలం నుంచీ గేములు ఆడుతున్నాను. కథలన్నా గేములన్నా ప్రాణం కాబట్టి ఊరుకోలేక మీకు రాస్తున్నాను.

ట్రోప్‌లు, అంటే కథల్లో పదేపదే వాడి అరిగిపోయిన మలుపులు, వాడొద్దని నేను అనడం లేదు. పది కథల్లో అరిగిన మలుపు పదకొండో కథలో కూడా గుండె ఆపగలదు. పాత మలుపుకు కొత్తగా ప్రాణం పోసేది దాని వెనకున్న నియమం. ఆ నియమం మీదై ఉండాలి, మీ నేలదై ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మీ పోస్టర్లలో చాలావాటిని చూస్తే అలన్ వేక్ అనే గేమ్ గుర్తుకొచ్చింది కాబట్టి దాన్నే తీసుకుందాం. 2010 మే నెలలో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. తయారుచేసిన రెమెడీ సంస్థది ఫిన్లాండ్. కథ జరిగేది మాత్రం అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రైట్ ఫాల్స్ అనే కల్పిత ఊళ్ళో. ఆ కథలో ఏమేం ఉన్నాయో చూడండి. కలం కదలని పేరుమోసిన రచయిత అలన్ వేక్. విశ్రాంతి కోసం భార్యతో వచ్చిన చిన్న ఊరు, ఆ ఊరికో పెద్ద రహస్యం. సరస్సు అడుగున కాచుకుని ఉన్న చీకటి. మాయమైపోయిన భార్య. మధ్యలో వారం రోజులు ఏం జరిగిందో గుర్తులేని హీరో. వెంట తిరుగుతూ నవ్వించే, అతని పుస్తకాల వ్యవహారాలు చూసే ఏజెంటు. పగలు కూడా లాంతరు పట్టుకు తిరిగే ఒక పెద్దావిడ. ఊరంతా ఆవిడను పిచ్చిదని తీసిపారేస్తే, చివరికి అసలు సంగతి తెలిసింది ఆవిడకే. వీటిలో అంతకుముందు ఎవరూ వినని ముక్క ఒక్కటీ లేదు.

మరి ఆ గేమ్ ఇన్నేళ్ళయినా ఎందుకు మనసులో ఉండిపోయింది? చీకటి ఆవహించిన మనుషులు గొడ్డలి పట్టుకుని మీదికి వస్తారు. తుపాకీ పేలిస్తే వాళ్ళకు ఏమీ కాదు. ముందు టార్చి వెలుగు వాళ్ళ మీద నిలబెట్టాలి, వాళ్ళను కప్పిన చీకటి పొర కాలిపోవాలి, అప్పుడే తూటా తగులుతుంది. వాడేకొద్దీ బ్యాటరీ తరిగిపోతూ ఉంటుంది. దూరంగా ఒక వీధి దీపం కనిపిస్తుంది. పరుగెత్తి దాని కిందికి చేరితే వెంటపడినవాళ్ళు ఆగిపోతారు, ప్రాణం కుదుటపడుతుంది, ఆట అక్కడ సేవ్ అవుతుంది. వెలుగు మంచిది, చీకటి చెడ్డది అన్న మాట మనుషులు గుహల్లో ఉన్నప్పటి నుంచీ చెప్పుకుంటున్నదే. ఆ మాటను వాళ్ళు డైలాగులో చెప్పకుండా, బటన్లు నొక్కే బొటనవేలికి అప్పగించారు. ఆడేవాడు దాన్ని నమ్మక్కర్లేదు, చేస్తాడు. భార్యకు చీకటంటే భయమని మొదట్లో పైపైన చెప్పిన మాట కూడా ఈ నియమం వల్లే బరువెక్కుతుంది. చిన్నప్పుడు అమ్మ ఇచ్చిన ఒక ఉత్త లైటు స్విచ్చి చివర్లో ఆయుధమైతే ఎబ్బెట్టుగా అనిపించకపోవడానికీ ఇదే కారణం.

రెండో సంగతి ఆ కాగితాలు. మీ అందరి గేముల్లోనూ కాగితాలు దొరుకుతాయి. ఫలానా డాక్టరు ఫలానా రోగి మీద ఏం ప్రయోగం చేశాడో, ఫలానా రాత్రి ఏం జరిగిందో వాటిలో ఉంటుంది. అంతా జరిగిపోయినదే. అలన్ వేక్‌లో దొరికే కాగితాలు రాబోయేది చెబుతాయి. తను రాసినట్టు తనకే గుర్తులేని నవల పేజీలు అడవిలో ఒక్కొక్కటే అతనికి దొరుకుతుంటాయి. ఒక పేజీలో, మోటారు రంపం పట్టుకున్న మనిషి తన మీదికి రాబోతున్నాడని ఉంటుంది. చదివి మడిచి జేబులో పెట్టుకుంటాం. ఇక అక్కడి నుంచి ప్రతి అడుగూ బరువే. చెట్ల మధ్య ఏ చప్పుడైనా అదేనేమో అనిపిస్తుంది. వాడు ఎప్పుడొస్తాడో తెలియదు, వస్తాడని మాత్రం తెలుసు. వరండా చివర హఠాత్తుగా మొహం చూపించి కేక వేయిస్తే ఆ భయం ఆ క్షణంతో సరి. ముందే చెప్పి నడిపిస్తే ఆ భయం ఆటంతా వెంట వస్తుంది. మీ డైరీ కాగితాల్లో క్రియలన్నిటినీ భూతకాలం నుంచి భవిష్యత్తుకు మార్చి చూడండి. ఒక్క బొమ్మ కూడా కొత్తగా గీయక్కర్లేదు, మీ ఆట మారిపోతుంది.

ఇంకో మాట, ఈ గేమ్‌ను వాళ్ళు టీవీ సీరియల్‌లా భాగాలుగా విడగొట్టారు. ప్రతి భాగం చివర పాట, తర్వాతి భాగం మొదట్లో ఇంతవరకు జరిగింది గుర్తుచేయడం. మనకు ఇది కొత్తా? వారపత్రికల్లో సీరియల్ పైన "జరిగిన కథ" అని చిన్న పెట్టె కట్టేవాళ్ళు, కింద "సశేషం" అని ఉండేది. ఆ పెట్టె ఎంత బాగా రాస్తే పాఠకుడు అంతగా కథలో పడేవాడు. అంతకన్నా ముందు బుర్రకథ ఉంది. మధ్యలో తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు డక్కీలతో వంత. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. కథను ఆపుతారు, ప్రశ్నిస్తారు, జరిగింది మళ్ళీ గుర్తుచేస్తారు. ఆ కళకు దేశమంతటా పేరు తెచ్చిన షేక్ నాజర్ మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషే. మీ గేమ్‌లో హీరో చెవిలో వినిపించే గొంతు ఇంగ్లీషు రేడియో ఆపరేటర్‌దే ఎందుకు కావాలి? ఇద్దరు వంతలు చాలు. ఒకరు ధైర్యం చెప్పాలి, ఒకరు అనుమానం పెట్టాలి. వాళ్ళలో ఒకరు ఒక రాత్రి హఠాత్తుగా పలకడం మానేయాలి.

మూడోది, కథ అడిగే ధర. అలన్ కన్నా ముందు అదే సరస్సు దగ్గర ఒక కవి, పోయిన ప్రియురాలిని తన రాతతో వెనక్కి తెచ్చుకోబోయాడు. తిరిగొచ్చింది ఆమె రూపమే, లోపల ఉన్నది వేరే. ఆ తప్పు దిద్దడానికి అతను తన ఉనికినే చెరిపేసుకోవాల్సి వచ్చింది. అలన్‌కు చివరికి అర్థమయ్యేదీ అదే. మూల్యం చెల్లించకుండా శుభం కార్డు వేస్తే కథ ఒప్పుకోదు. భార్య బయటికి రావాలంటే తను లోపల ఉండిపోవాలి. ఫెస్టులో నేను ఆడిన ఒక గేమ్ చివర్లో తాళం దొరకగానే దయ్యం పొగలా కరిగిపోయింది, తెల్లారింది, పక్షులు కూశాయి. ఆ దయ్యం ఎవరో, దానికి ఏం కావాలో, అది పోయినందుకు ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలియనే లేదు. ఆడినంతసేపూ పడ్డ భయానికి లెక్క తేలలేదు.

అయితే అలన్ వేక్‌ను నెత్తిన పెట్టుకోమని నా ఉద్దేశం కాదు. మొదటి గేమ్‌లో భార్య ఆలిస్ పాత్ర నాకు ఇప్పటికీ అసంతృప్తే. చాలాసేపు ఆమె ఒక అరుపు మాత్రమే. హీరో పరుగెత్తడానికి ఒక కారణం కావాలి, ఆ కారణం ఆవిడ. 2023 అక్టోబరులో వచ్చిన రెండో గేమ్‌లో మాత్రం రెమెడీవాళ్ళు ఈ మూసకు ఎదురెళ్ళారు. అందులో సాగా ఆండర్సన్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటు ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి, "పాపం, నీ కూతురు మునిగిపోయింది కదా" అని జాలిపడుతుంటారు. ఆమె కూతురు బతికే ఉంది. కథే ఆమెను బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా తిరగరాయాలని చూస్తోంది. హీరో ఏడవడానికో పరుగెత్తడానికో ఒక ఆడమనిషి చావాలి అనే ఆ పాత మూసనే శత్రువుగా నిలబెట్టి, దానితో సాగాను కొట్లాడించారు. తెల్లచీర బొమ్మ గీసిన చెల్లెమ్మకు ప్రత్యేకంగా ఈ మాట చెబుతున్నాను: ఆ చీరలో ఉన్న మనిషికి చావుకు ముందు ఒక ఉద్యోగం ఉండాలి, ఒక కోపం ఉండాలి, ఇష్టమైన టిఫిన్ సెంటర్ ఉండాలి.

అదే రెండో గేమ్‌లో ఇంకో విశేషం. మొదటి గేమ్‌లో ఫిన్లాండ్ వాళ్ళు అమెరికన్ టీవీని నెత్తికెత్తుకున్నారు. రెండోదాంట్లో ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ ఊరొకటి పెట్టారు. ఫిన్నిష్ జానపదంలో నీటి దేవుడి పేరు పెట్టుకున్న ఆహ్తి అనే ముసలి జానిటర్ చేత కారియోకేలో తమ భాషలో పాట పాడించారు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కథనం అవార్డు దానికే వచ్చింది. తమ పెరటి దేవుడిని ఆ ఊరికి తెచ్చుకోవడానికి వాళ్ళకు 13 ఏళ్ళు పట్టింది. మీరు అన్నాళ్ళు ఆగక్కర్లేదు.

పొగమంచు సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. 1999లో వచ్చిన సైలెంట్ హిల్ అనే గేమ్‌లో ఊరంతా మంచు కమ్ముకుని ఉండటానికి ఒక కారణం అప్పటి ప్లేస్టేషన్ దూరంగా ఉన్నవాటిని గీయలేకపోవడం. ఆ లోపాన్ని వాళ్ళు భయంగా మార్చుకున్నారు. మీకు ఆ ఇబ్బంది లేదు. మనకు పొగమంచు ఏడాదిలో ఏ సంక్రాంతి ముందో కొన్ని తెల్లవారుజాములు, అంతే. తైవాన్‌లోని చిన్న బృందం ఒకటి 2017లో డిటెన్షన్ అనే గేమ్ తెచ్చింది. 1960ల నాటి సైనిక పాలనలో ఒక బడి. దయ్యం ఎదురైతే ఊపిరి బిగబట్టి పక్కనుంచి వెళ్ళాలి. ఇంతకన్నా పెద్ద నియమం లేదు, అది కూడా వాళ్ళ అమ్మమ్మలు చెప్పిందే. ప్రపంచమంతా ఆడింది.

మన అమ్మమ్మలు చెప్పినవి లేవా? ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు. రాత్రి వచ్చిన దయ్యం అది చదివి, రేపు వద్దామని వెళ్ళిపోతుంది. మర్నాడూ అదే రాత ఉంటుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. గేమ్ డిజైనర్ కళ్ళతో దీన్ని ఒక్కసారి చూడండి. రాసిన మాటకు శక్తి ఉంది, దయ్యం అక్షరానికి కట్టుబడి ఉంది. అలన్ వేక్ కాగితాలు చేసే పనే ఇక్కడ సుద్దముక్క చేస్తోంది. ఇక ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. వానకు సుద్ద కరిగిపోతే? ఎవరో పిల్లవాడు సరదాకి "రేపు" అన్న మాట తుడిచేస్తే? వీధిలో నలభై ఇళ్ళుండి సుద్దముక్క ఒక్కటే ఉంటే ఎవరి తలుపు మీద రాస్తారు? ఆ చివరి ప్రశ్న ఒక్కటే ఒక పూర్తి గేమ్.

తర్వాత మధ్యాహ్నం. మీ గేములన్నీ రాత్రే జరుగుతాయి. మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా గాలి తిరిగే వేళేనని పెద్దవాళ్ళు పిల్లల్ని బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు, చింతచెట్టు కిందికి అసలే పోనిచ్చేవాళ్ళు కాదు. మే నెలలో ఒంటిగంటకు పాత గుంటూరు సందుల్లో నిలబడి చూడండి. షట్టర్లు దించి ఉంటాయి, కుక్కలు కాలవ పక్కన నాలుక చాపుకుని పడుకుని ఉంటాయి, దూరంగా రోడ్డు మీద లేని నీళ్ళు మెరుస్తుంటాయి, ఒక్క మనిషి కనిపించడు. ఆ ఎండమావిలోంచి ఎవరో నడిచి వస్తున్నారు, ఎంతసేపటికీ దగ్గరికి రావడం లేదు. ఇది నిజంగా భయపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ వెలుగు కాపాడదు. అలన్ వేక్ నియమం తలకిందులవుతుంది: దీపం కిందికి కాదు, నీడలోకి పరుగెత్తాలి. నీడ ఎక్కడెక్కడ ఉందో గంట గంటకూ మారిపోతుంటుంది. బ్యాటరీకి బదులు మజ్జిగ సీసా. ఇలాంటి గేమ్ ఇంగ్లీషులో నేను ఆడలేదు. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళు దీన్ని తీసినంత బాగా ఇంకెవరూ తీయలేరు.

అన్నిటికన్నా నాకు ప్రాణమైనది మిరపకాయ. దిష్టి తీయడం మీ అందరికీ తెలుసు. ఎండుమిరపకాయలు, ఉప్పు మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. మామూలుగా అయితే ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని అర్థం. ఇందులో ఎంత సొగసు ఉందో గమనించారా! ఏదో వచ్చినందుకు కాదు, రావాల్సింది రానందుకు భయం. గేమ్‌లో ఒక గదిలో మిరపకాయలు కాల్చిన మనిషి దగ్గు శబ్దం వినిపిస్తే క్షేమం. నిప్పులు ఎర్రగా ఉన్నాయి, మిరపకాయ నల్లబడింది, పొగ లేస్తోంది, ఎవరూ దగ్గడం లేదు. ఆ నిశ్శబ్దం కన్నా పెద్ద అరుపు ఏ సౌండ్ లైబ్రరీలోనూ మీకు దొరకదు. ఆటలో అది ఒక పరీక్ష పరికరం అవుతుంది. మిరపకాయలు లెక్కగా ఉంటాయి, ఏ గదిలో ఖర్చు పెట్టాలో మీరు తేల్చుకోవాలి.

ఇది గుంటూరులో కాకపోతే ఇంకెక్కడ పుట్టాలి? ఆసియాలోనే పెద్దదిగా పేరున్న మిర్చి యార్డు మన ఊళ్ళో ఉంది. సీజన్లో పొద్దున్నే ఒకసారి వెళ్ళండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గోడల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు. తొడిమలు తీసే ఆడకూలీలు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టగానే దగ్గు మొదలు. అలవాటైన ముఠా కూలీకి ఏమీ అనిపించదు. శత్రువు కంట పడకుండా దాక్కునే గేముల్లో హీరో అడుగుల చప్పుడు కొలుస్తారు. ఇక్కడ దగ్గు కొలవండి. టిక్కీల వెనక నక్కి ఉన్నారు, గొంతులో ఘాటు పేరుకుంటోంది, ఎంతసేపు ఆపుకోగలరు? ఎండాకాలం సెలవుల్లో యార్డు మూసేస్తే అంత పెద్ద ఆవరణ ఖాళీగా ఉంటుంది, ఘాటు మాత్రం గోడల్ని వదలదు. పాడుబడ్డ ఆసుపత్రి కోసం వేరే దేశపు అసెట్ ప్యాకులు (రెడీమేడ్ బొమ్మల కట్టలు) కొన్న డబ్బుతో రెండుసార్లు గుంటూరు వచ్చి ఫొటోలు తీసుకోవచ్చు. యార్డువాళ్ళను అడిగి, వాళ్ళ పనికి అడ్డు రాకుండా తీసుకోండి.

మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లాలోనే ఉన్న కోటప్పకొండ స్థలపురాణంలో ఇంకో నియమం ఉంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి స్వామిని కొలిచేది. ఎక్కలేని స్థితి వచ్చాక నువ్వే కిందికి రమ్మని వేడుకుంది. నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను, తిరిగి మాత్రం చూడకు అన్నాడు స్వామి. సగం దారిలో వెనక నుంచి శబ్దం విని ఆమె తిరిగి చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. గేమ్‌లో ఆడేవాడి చెయ్యి అనుక్షణం చేసే పని కెమెరా వెనక్కి తిప్పడం. దాన్నే నిషేధించండి. వెనక ఎవరో వస్తున్నారు, రావాల్సిన మనిషే వస్తున్నాడో కాదో తెలియదు, చెవులతోనే తేల్చుకోవాలి. దేవుడి కథను ఉన్నదున్నట్టు తీసి దయ్యం కథ చేయమని నేను చెప్పడం లేదు. అలా చేస్తే కొండెక్కే భక్తుల మనసు నొచ్చుకుంటుంది, ఆ అవసరమూ లేదు. నియమాన్ని తీసుకుని మీ సొంత పాత్రలకు పెట్టుకోండి.

శివరాత్రికి అక్కడికి వచ్చే ప్రభల్ని చూసే ఉంటారు. తాటిచెట్ల ఎత్తును మించిన కట్టడానికి నిండా కరెంటు దీపాలు, వెనక జనరేటరు, ముందు జనం. ప్రభ కదిలే దారిలో తీగలు అడ్డం వస్తాయని అక్కడ సరఫరా ఆపేస్తారు. ఊరు చీకట్లో ఉంటుంది, ప్రభ ఒక్కటే వెలుగుతూ కదిలిపోతుంటుంది. అలన్ వేక్‌లో వీధి దీపం కదలదు. మీ గేమ్‌లో కాపాడే వెలుగు నడుస్తూ పోతుంటే, దానితో సమానంగా నడవలేని ముసలమ్మ చెయ్యి మీ చేతిలో ఉంటే ఏం చేస్తారు?

ఇక మిమ్మల్ని బతిమాలి చెప్పాల్సినవి ఉన్నాయి.

చేతబడి చేసే ముసలిదాన్ని శత్రువుగా పెట్టకండి. ఫెస్టులో ఒక గేమ్‌లో ఊరి చివర గుడిసెలో ఒంటరి ఆడమనిషి, చుట్టూ పుర్రెలు, నిమ్మకాయలు. ఆమెను కాల్చి చంపితే లెవెల్ పూర్తవుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేతబడి చేశారన్న అనుమానంతో నిజంగా మనుషుల్ని కొట్టి, తగలబెట్టి చంపారు. ఎక్కువగా పేదవాళ్ళు, ఒంటరివాళ్ళు. ఆ హత్యలు చేసినవాళ్ళు కూడా తాము ఊరిని కాపాడుతున్నామనే అనుకున్నారు. ఆ చేతిని మీరు ఆడేవాడి చేతికి తొడగకూడదు. ఆ కథ కావాలంటే అనుమానం ఊళ్ళో ఎలా పాకుతుందో చూపించండి. దయ్యం ఆ అనుమానమే కావచ్చు. విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చారు. చేతబడి, బాణామతి భయాల మీద వాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి పనిచేశారు, నిప్పుల మీద నడక వెనకున్న శాస్త్రాన్ని తామే నడిచి చూపించారు. వెళ్ళి మాట్లాడండి. నమ్మే పోలీసు, నమ్మని పోలీసు అనే జంట మీ గేముల్లో చాలా కనిపించింది. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారూ, కొద్ది మైళ్ళ దూరంలో నాస్తిక కేంద్రమూ ఉన్న ఊళ్ళో ఆ వాదన ఎంత నిజంగా రాయవచ్చో ఆలోచించండి.

గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు కూడా వద్దు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగితే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. ఆ తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్నే నిషేధించింది. అలన్ వేక్‌లో కూడా ఒక డాక్టరు, ఇదంతా నీ భ్రమ అని హీరోను నమ్మించబోతాడు. ఆ ఘట్టంలో భయపెట్టేది డాక్టరు మాటే, పక్క గదుల్లోని రోగులు కాదు.

బుడమేరు వాగు గురించి కూడా. నీళ్ళ అడుగున ఏదో ఉందన్న కథ మీలో చాలామందికి ఇష్టమని తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, అటు బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేసింది. కరెంటు లేక, తాగే నీళ్ళు లేక, మేడల మీద రాత్రుళ్ళు గడిపినవాళ్ళు మీ క్లాసుల్లోనే ఉన్నారు. ఆ కథ తీసుకోవద్దని నేననను. వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది విని, వాళ్ళకు మొదట చూపించి తీయండి. తేలివచ్చే శవంతో కేక వేయించడానికి మాత్రం ఆ నీళ్ళను వాడుకోకండి.

చివరగా ఒక సాంకేతిక విషయం, ఎందుకంటే మీలో ఒకరు నాతో, తెలుగు పెడితే అక్షరాలు విరిగిపోతున్నాయి అందుకే ఇంగ్లీషు పెట్టాం అన్నారు. నిజమే, గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా వాడే టెక్స్ట్‌లో మన ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తాయి. అలాంటప్పుడు కాగితాలను ఫాంటుతో పెట్టకండి. తెల్లకాగితం మీద చేతితో రాయించి స్కాన్ చేసి బొమ్మగా పెట్టండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతిరాత అడగండి. పాత్రకో చేతిరాత ఉంటే ఏ పేజీ ఎవరు రాశారో పేరు లేకుండానే తెలుస్తుంది. అసలు ఒక పేజీలో చేతిరాత మధ్యలో మారిపోతే ఆడేవాడికి ఏమనిపిస్తుందో రాసి చూడండి.

సంభాషణలు గుంటూరు మాటలోనే ఉండనివ్వండి. దయ్యం గ్రాంథికం మాట్లాడాలనే పట్టింపు వద్దు. కథ, సంభాషణలు, కాగితాలు ఏవైనా సరే, రాసినంతవరకు నాకు పంపండి. దిద్ది, నాకు అనిపించింది పక్కన రాసి తిరిగి పంపుతాను, డబ్బు ప్రసక్తి లేదు. ఆదివారాలైతే నేనే విజయవాడ వచ్చి మీతో కూర్చోగలను. మిర్చి యార్డుకు వెళ్ళదలచుకున్నవాళ్ళు సీజన్ అయిపోకముందే చెప్పండి, తీసుకెళ్ళి చూపిస్తాను. వచ్చేటప్పుడు శబ్దం రికార్డు చేసే పరికరం ఏదైనా తెచ్చుకోండి, ముక్కుకు కట్టుకోవడానికి తడిగుడ్డ మర్చిపోకండి.

ప్రేమతో,
గుంటూరు నుంచి ఒక తెలుగు లెక్చరర్